తూటా తగిలాక మొదలయ్యే వేట

2024 ఏప్రిల్‌లో అప్పటి బోట్స్వానా అధ్యక్షుడు మోక్వీట్సీ మసీసీ జర్మనీకి 20 వేల ఏనుగులను కానుకగా పంపిస్తానన్నారు. నవ్వుతూ అన్న మాట కాదది. సరదా వేటలో చంపిన జంతువుల దంతాలు, తలలు, చర్మాల దిగుమతిపై ఆంక్షలు బిగించాలని జర్మనీ ఆలోచించడం ఆయనకు కోపం తెప్పించింది. తన దేశంలో సుమారు లక్షా 30 వేల ఏనుగులున్నాయి, అవి చేలు తొక్కుతున్నాయి, మనుషుల్ని చంపుతున్నాయి, బెర్లిన్‌లో కూర్చుని నీతులు చెప్పడం తేలికేనన్నది ఆయన వాదన. 2014లో వేటను ఆపేసిన బోట్స్వానా 2019లో మళ్లీ తలుపులు తెరిచింది. కెన్యా మాత్రం 1977లో వేసిన తాళం ఇప్పటికీ తీయలేదు.

ఈ తగవులో ఒక పక్షం డాలర్ల లెక్క చెబుతుంది, మరో పక్షం జీవకారుణ్యం మాట్లాడుతుంది. తుపాకీ, అందులోని తూటా, డబ్బు తీసుకుని అడవిలోకి తీసుకెళ్లే గైడు ఈ చర్చలో పెద్దగా కనిపించరు. జంతువు క్షణంలో చస్తుందా, రెండు రోజులు కుళ్లి చస్తుందా అన్నది మాత్రం ఆ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.

తూటా చరిత్రలో ఒక మలుపు మన దేశంలోనే ఉంది. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890లలో బ్రిటిష్ అధికారి బెర్టీ క్లే ఒక కొత్త రకం తూటా తయారుచేయించాడు. పూర్తిగా లోహపు తొడుగున్న .303 తూటా మనిషి ఒంట్లోంచి సన్నని రంధ్రం చేసుకుని దూసుకుపోతోందని, తగిలినవాడు ఆగకుండా మీదికొస్తున్నాడని సరిహద్దు యుద్ధాల్లో సైన్యం మొరపెట్టుకుంది. అందుకని మొన దగ్గర తొడుగు తీసేసి సీసాన్ని బయటికి వదిలారు. ఒంట్లోకి దిగగానే ఆ మొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఇది క్రూరమంటూ 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో ఇలాంటి తూటాలు వాడొద్దని ప్రకటించింది.

అదే తూటా కొన్నిచోట్ల జింకల వేటలో తప్పనిసరి. ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలవుతున్న 1991 నాటి జింకల చట్టం ప్రకారం రైఫిల్‌తో జింకను కాల్చాలంటే మెత్తని మొన లేదా బోలు మొన ఉన్న తూటానే వాడాలి. గాయపడిన సైనికుణ్ని మోసుకెళ్లడానికి ఆసుపత్రి ఉంటుంది. గాయపడిన జింకకు పొద తప్ప మరో దిక్కు లేదు. అందుకే ఒకచోట నేరమైనది ఇంకోచోట నియమమైంది.

జంతువును బట్టి కూడా లెక్క మారుతుంది. ఏనుగు తలలో మెదడుకు అడ్డుగా తేనెపట్టులాంటి ఎముక చాలా మందంగా ఉంటుంది. మెత్తని తూటా అక్కడే విచ్చుకుని ఆగిపోతుంది కాబట్టి ఏనుగుకు గట్టి తూటా కావాలి. మందలో నిలబడిన అడవి దున్నను అదే గట్టి తూటాతో కొడితే దాన్ని దాటిపోయి వెనకున్న మరో దున్నను గాయపరచవచ్చు. అనుభవం ఉన్నవాళ్లు చాలామంది దున్నకు మొదట మెత్తనిది, ఆ తర్వాత గట్టివి నింపుకుంటారు.

పెద్ద తుపాకీతో కొడితే జంతువు ఎగిరి అవతల పడుతుందన్నది సినిమాలు నేర్పిన అబద్ధం. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1912లో తెచ్చిన .375 మాగ్నమ్ ఆఫ్రికా వేటకు ఇప్పటికీ కొలమానం. దాని 300 గ్రెయిన్ల తూటా, అంటే సుమారు 19 గ్రాములది, సెకనుకు 770 మీటర్ల వేగంతో వెళ్తుంది. అయినా తుపాకీ భుజాన్ని ఎంత తంతుందో జంతువును తూటా దాదాపు అంతే తన్నగలదు. న్యూటన్ మూడో సూత్రానికి వేటలోనూ మినహాయింపు లేదు. గుండెలోంచి తూటా దూసుకుపోయిన జింక కూడా వంద గజాలు పరుగెత్తి పడిపోవచ్చు. చంపేది దెబ్బ తగిలిన చోటు, పోయిన నెత్తురు.

ఈ సంగతిని స్కాట్లండ్ వేటగాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ ఎప్పుడో కనిపెట్టాడు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో దంతాల వ్యాపారం కోసం అతను వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, అందులో ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తోనే. ఏనుగు పుర్రెను రంపంతో కోసి మెదడు ఏ మూల ఉంటుందో చూసుకున్న మనిషి అతను. ఆ నేర్పు లేనివాళ్లు అతణ్ని అనుకరిస్తే ఏమవుతుందో తెలుసు కనుకే, ప్రమాదకరమైన జంతువులకు .375 స్థాయి కంటే చిన్న తుపాకీ వాడకూడదని ఆఫ్రికాలో పలు దేశాలు కట్టడి పెట్టాయి.

డబ్బు కట్టి వచ్చే అతిథికి బెల్ నేర్పు ఎక్కడిది? ఊళ్లో బల్లమీద తుపాకీ ఆనించి అట్టముక్కను కొట్టడం వేరు, మూడు కాళ్ల ఊతకర్ర మీద ఆనించి, రొప్పుతూ, కదిలే దున్నను కొట్టడం వేరు. భుజం మీద పడబోయే దెబ్బకు జడిసి ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే కళ్లు మూసేవాళ్లు తక్కువేం కాదు. ఆ తప్పును సరిదిద్దాల్సింది వెంట ఉన్న వృత్తి వేటగాడు. జింబాబ్వేలో ఆ లైసెన్సు కావాలంటే ఏళ్ల తరబడి శిక్షణ, రాత పరీక్ష, గురి పరీక్ష దాటాలి. గాయపడి పొదలో దూరిన దున్న వెంట నడవడం అతని విధి. అతిథి ఖర్చుకూ ఒక కట్టుబాటుంది: రోజుకింత, జంతువుకింత. నెత్తురు చుక్క నేలమీద కనబడితే, జంతువు దొరక్కపోయినా పూర్తి రుసుము కట్టాలన్నది ఈ వ్యాపారంలో సాధారణ నిబంధన.

2015 జూలైలో జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ పార్కు సరిహద్దు బయట సెసిల్ అనే సింహం చనిపోయింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తగిలించిన జీపీఎస్ పట్టీ దాని మెడలోనే ఉంది. అమెరికా నుంచి వచ్చిన అతిథి ఆ వేటకు సుమారు 50 వేల డాలర్లు చెల్లించినట్లు వార్తలొచ్చాయి. విల్లుతో వేసిన బాణం దాన్ని గాయపరిచింది కానీ చంపలేదు. గంటల తర్వాతే దాన్ని వెతికి చంపారు. లోకం పట్టీ గురించి, పార్కు హద్దు గురించి మాట్లాడింది. ఆ గంటల గురించి అంతగా మాట్లాడలేదు.

గురి తప్పిన దెబ్బకు మూల్యం ఒక్కోసారి మనుషులు చెల్లిస్తారు. 436 మందిని చంపిందంటూ పేరుమోసిన మన దేశపు చంపావత్ ఆడపులిని వేటగాడు జిమ్ కార్బెట్ 1907లో కాల్చాడు. దాని కుడివైపు పైకోర సగానికి, కింది కోర ఎముకదాకా విరిగిపోయి ఉన్నాయి. పాత తుపాకీ దెబ్బ అది. తనకు సహజమైన ఆహారాన్ని వేటాడలేకే ఆ పులి మనుషుల మీద పడిందని కార్బెట్ రాశాడు.

మన దేశంలో 1970లో పులి వేటను నిషేధించారు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట మాత్రం పూర్తిగా పోలేదు. తెలుగు రాష్ట్రాల అడవి అంచు ఊళ్లలో పంట మీద పడే పందుల కోసం, మాంసం కోసం నాటు తుపాకీ చాటుగా పేలుతూనే ఉంది. లోపల నున్నగా ఉండే గొట్టంలో మందు, ఇనుప ముక్కలు కూరి పేల్చే ఆ ఆయుధానికి గురి ఉండదు, లోతుగా దిగే బలమూ తక్కువే. చంపే అవకాశం కంటే గాయపరిచే అవకాశమే దానికి ఎక్కువ.

అందుకే ఆఫ్రికాలో లైసెన్సిచ్చే అధికారులైనా, పంటలు కాపాడేందుకు పందులను కాల్చమని ఇక్కడ అనుమతులిచ్చే అధికారులైనా చచ్చిన జంతువుల సంఖ్యతో సరిపెట్టుకోకూడదు. ఎన్ని గాయపడి తప్పించుకున్నాయో, వాటిలో ఎన్నింటిని వెతికి పట్టుకున్నారో, ఏ ఆయుధం, ఏ తూటా వాడారో అనుమతి పొందినవాళ్ల చేత రాయించి, ఆ లెక్కను ఏటా జనం ముందు పెట్టాలి.