రైతుబజార్ల రైతు ఏడి?

పొద్దుగాల సంచి పట్టుకొని రైతుబజారుకు పోతం. లోపల ఒక్క బల్ల మీదనే టమాట, బెండ, బీర, కాకర, క్యారెట్, క్యాప్సికం, అల్లం, పదిహేను రకాలు కనిపిస్తయి. ఏ రైతు చేనుల ఒకేసారి పదిహేను రకాలు పండుతయి? అదే గేటు బయట, మోరీ పక్కన గోనెసంచి పరుచుకొని ఒక అమ్మ కూసుంటది. ఆమె ముందట పుంటికూర, పాలకూర, ఇంత కొత్తిమీర. అంతే. బోర్డు మీద పేరేమో రైతుది. రైతేమో రోడ్డు మీద!

1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంల చంద్రబాబు ప్రభుత్వం రైతుబజార్లు మొదలుపెట్టింది. పంజాబుల 1987లనే ‘అప్నీ మండీ’ పేరుతోటి ఇసొంటివి వచ్చినయి. ఆలోచన మంచిదే. ఎవలు పెట్టినా మంచిదాన్ని మంచిదనాలె. నడుమ అడ్తిదారు ఉండొద్దు. రైతుకు జాగ కిరాయి లేదు, కాంటా ఉత్తగనే ఇయ్యాలె. ధర టోకు కంటె నాలుగో వంతు ఎక్కువ, చిల్లర కంటె నాలుగో వంతు తక్కువ ఉండాలన్నది లెక్క. రైతుకు నాలుగు పైసలు ఎక్కువొస్తయి, కొనేటోనికి నాలుగు పైసలు మిగులుతయి. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, వనస్థలిపురం, సరూర్‌నగర్ బజార్లు గట్లనే జనానికి అలవాటైనయి.

మరి యాడ చెడింది? కార్డు కాడ చెడింది.

లోపల కూసోవాలంటే గుర్తింపు కార్డు కావాలె. కార్డు కావాలంటే భూమి కాయితం చూపాలె. పట్టా ఎవల పేరు మీద ఉంటే వాడే రైతు. పట్నం చుట్టుముట్టు చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం దిక్కు భూములు ఎవల పేరు మీదికి పోయినయో మనకు ఎరుకే. కొన్నోడు పట్నంల ఉంటడు. ప్లాట్లు కొట్టేదాక ఊరోళ్లకు కౌలుకిస్తడు. బోరు నీళ్లు కట్టేది, మందు కొట్టేది, కాయ తెంపేది కౌలుదారు. కాయితం మీద మాత్రం వాడు రైతే గాదు. ఇగ ఆడోళ్ల ముచ్చట జెప్పనే అక్కర్లేదు. కలుపు తీసి, కట్టలు కట్టి, గంప నెత్తిన పెట్టుకొని బస్సెక్కేది ఆమె. పాసుబుక్కుల పేరు ఆయనది.

కౌలుదార్లకు గుర్తింపు కార్డులు ఇయ్యాలని 2011ల చట్టం వచ్చింది. 2014ల మన రాష్ట్రం వచ్చినంక మన సర్కారే దాన్ని మూలకు పడేసింది. 2018ల రైతుబంధు పెట్టిండ్రు, పట్టాదారుకే పైసలు పడ్డయి. 2020ల ధరణి తెచ్చిండ్రు, కాస్తుల ఎవలున్నరన్న ఊసే లేదు. ఒక్క పాసుబుక్కు చూసుకొని సాయమూ ఆన్నే ఆపిండ్రు, అమ్ముకునే జాగా ఆన్నే ఆపిండ్రు. ఇంకో దిక్కు కార్డు ఒకలిది, బల్ల మీద కూసునేది ఇంకొకలు. సరుకు తెల్లారగట్ల టోకు మార్కెట్ల కొన్నది.

మారుబేరగాడు కూడ బతకాలె గద అంటరు. బతకాలె. ఎవల కడుపు కొట్టుమని మేం అంటలేం. దుకాణం పెట్టుకొని అమ్ముకోమను. కని రైతు పేరు మీద, కిరాయి లేని రైతు జాగల గాదు.

మరి కొనేటోళ్లం మనమేం జెయ్యాలె? రైతును దేవులాడాలె. రెండు మూడు రకాలే ఉన్న బల్ల కాడ ఆగుండ్రి. కాయలన్నీ ఒక్క తీరు మెరిసిపోతుంటే అనుమానపడుండ్రి, చేను కాయల చిన్నది పెద్దది కలిసే ఉంటయి. ‘ఏ ఊరు అక్కా, ఎన్ని గుంటలేసినవ్, ఎప్పుడు తెంపినవ్’ అని అడుగుండ్రి. రైతైతే ఆగకుండ జెప్తది. ఎల్లిగడ్డ, ఆపిల్ పక్కపక్కన పెట్టినోనికి ఆ ప్రశ్నతోటే గొంతెండుతది. ఎండకాలం వచ్చినంక కొత్తిమీర ధర పెరిగితే కొట్లాడకుండ్రి, ఆ కట్ట ఎనుక ఎండిన బోరు ఉంటది. గేటు బయట కూసున్న అమ్మ దగ్గర రూపాయి కోసం బేరం జెయ్యకుండ్రి. మాల్‌ల బేరం జెయ్యని నోరు మోరీ పక్కన ఎందుకు లేస్తది?

సర్కారును అడగాల్సింది సర్కారునే అడగాలె. పట్టా చూసి గాదు, పంట చూసి కార్డియ్యాలె. చేను కాడికి పోయి సాగుజేసేటోల్లెవలో రాసుకోవడానికి వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నడు. ఆకుకూర అమ్ముకునే ఆడోళ్లకు ఏ పూటకాపూట జాగియ్యాలె. ఏ బల్ల ఎవలది, ఏ ఊరిది, ఏ పంటది అన్నది గేటు కాడ బోర్డు మీద రాయాలె. ధర రాసే బోర్డు మీద పేరు రాయడానికి ఖర్చేం గాదు.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. ఆ నీళ్లతోటి పండించిన పుంటికూర కట్టకు గేటు లోపల జాగ లేకపోతే, ఆ కొట్లాట ఇంక ఒడవనట్టే.