ఎండిపోయే ఎలుగుబంటి!

నెల్లూరు తీరంలో రొయ్య పిల్లల హేచరీకి ఎప్పుడైనా వెళ్లారా? డబ్బాల్లో గోధుమరంగు పొడి ఒకటి కనిపిస్తుంది. చూడ్డానికి కాఫీపొడే, కానీ అవన్నీ గుడ్లు! ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవివి. ఏళ్ల తరబడి డబ్బాలో ఎండి ఉన్నా సరే, ఉప్పునీళ్లలో వేసి గాలి పెడితే ఒక్కరోజులో పిల్లలు ఈదుతుంటాయి. రొయ్య పిల్లలకు అదే మేత.

ఆర్టీమియా గుడ్డుగా ఉన్నప్పుడే ఇలా ఎండగలదు. పెద్దయ్యాక కూడా ఎండి బతికే జీవి ఇంకొకటుంది... టార్డిగ్రేడ్. ముద్దుపేరు నీటి ఎలుగుబంటి. ఎనిమిది కాళ్లు, గోళ్లు, బొద్దు ఒళ్లు. అంతా కలిపి సాధారణంగా అర మిల్లీమీటరు లోపే! గోడ మీది నాచులో, సముద్రపు ఇసుకలో, చివరికి అంటార్కిటికాలో కూడా ఉంటుంది. తడి ఆరిపోతే కాళ్లు లోపలికి ముడుచుకుని వడియంలా ఎండిపోతుంది. నీళ్లు తగిలితే లేచి నడుస్తుంది.

చలి సంగతి చెప్పనే అక్కర్లేదు. జపాన్ వాళ్లు 1983లో అంటార్కిటికా నుంచి నాచు తెచ్చి మైనస్ 20 డిగ్రీల్లో దాచారు. 2014లో బయటికి తీసి తడిపితే రెండు టార్డిగ్రేడ్లు కదిలాయి. వాటిలో ఒకటి 19 గుడ్లు పెడితే 14 పిల్లలయ్యాయి!

మరి ఎండలోని అతినీలలోహిత కిరణాలో? దీనికి జవాబు మన పక్కనే దొరికింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆవరణలో గోడ నాచులోని ఎర్రటి రకాన్ని శాస్త్రవేత్తలు ఆ కిరణాల దీపం కింద పావుగంట ఉంచారు. వేరే రకం ఒక్కరోజులో చచ్చింది, ఇది చావలేదు. దీని ఒంట్లోని రంగు ఆ కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా బయటికి వదిలేస్తుందని 2020లో ప్రకటించారు. 2025లో శుభాంశు శుక్లాతో ఇస్రో అంతరిక్షానికి పంపింది కూడా బెంగళూరు టార్డిగ్రేడ్లనే.

అంటార్కిటికా వాటికి మాత్రం చిక్కు వచ్చిపడింది. అక్కడ ఓజోన్ పొరకు చిల్లి పడుతోందని 1985లోనే తేలింది. దానికితోడు భూమి వేడెక్కుతోంది. ఈ రెండిటినీ కలిపి ఆ ఖండపు టార్డిగ్రేడ్ల మీద ఇటలీ పరిశోధకులు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. కిరణాలు ఒక్కటే అయితే తడిగా ఉన్నవాటికన్నా ఎండినవే బాగా తట్టుకున్నాయి. వేడి కూడా తోడైతే రెండు రకాలూ దెబ్బతిన్నాయి. అందులోనూ ఎండినవే ఎక్కువ! కోట్ల ఏళ్లుగా కాపాడిన ఉపాయమే ఇక్కడ బెడిసికొట్టిందన్నమాట.

'చావులేని జీవి' అని రాసేవాళ్లు ఈ సంగతి చెప్పరు. ఇంకోటి కూడా చెప్పరు. కిరణాలు తగిలి బతికిన తల్లుల తర్వాతి తరాల్లో అవయవాలు సరిగా లేని పిల్లలు ఎక్కువయ్యాయి.