సగం కూలి లెక్క ఎవరు రాశారు?

ముత్తాత ఏం పని చేసేవాడని మన ఇళ్లలో అడిగితే ఎవరో ఒకరు జవాబు చెబుతారు. తాపీ పని అనో, గని పని అనో, మగ్గం అనో, చెప్పులు కుట్టడం అనో అంటారు. ముత్తవ్వ ఏం చేసేదని అడిగితే మాత్రం, "ఆమెకేం పని, ఇంట్లోనే ఉండేది" అంటారు. ఈ జవాబును మేము ఒప్పుకోం. పందొమ్మిదో శతాబ్దపు మద్రాసు ప్రెసిడెన్సీలో కూలి చేసుకు బతికే ఇళ్లలో ఊరికే కూర్చున్న ఆడది లేదు. ఆమె చేసిన పని లెక్కలోకి ఎక్కలేదు, అంతే.

ఆనాడు ఊళ్లో పని పుట్టుకతోనే వచ్చేది. మాదిగ ఇంట మగవాడు తోళ్లు ఊనేవాడు, చెప్పులు కుట్టేవాడు, బావి నీళ్లు తోడే తోలు బానలు చేసేవాడు. కళ్లం దగ్గర గింజలు కొలిచినప్పుడు ఆ పనికి వచ్చే వాటా అతని పేరున ఉండేది. అదే ఇంటి ఆడది నాట్లు వేసింది, కలుపు తీసింది, కోత కోసింది, వడ్లు దంచింది. ఆమె పనికి వృత్తి అనే పేరు రాలేదు.

మాల ఇళ్లలో చాలామంది ముతక బట్ట నేసేవారు. మగవాడు మగ్గం మీద కూర్చుంటే, నూలు వడికే పని ఎక్కువగా ఆడవారిది. ఇంగ్లండు మిల్లు నూలు వచ్చి పడినప్పుడు ముందు ఆగిపోయింది ఆడవారి రాట్నమే. నేతగాడు ఆ మిల్లు నూలునే కొనుక్కుని మరికొంత కాలం నేశాడు. నేతపని దెబ్బతిన్న కథ మన చరిత్ర పుస్తకాల్లో ఉంది. రాట్నం పోగొట్టుకున్న ఆడవారి కథ మాత్రం ఒక్క వాక్యంతో ముగుస్తుంది.

ఇక 1876–78 కరువు. కరువు పనుల కూలిని సర్ రిచర్డ్ టెంపుల్ తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవారికీ, పనిచేసే పిల్లలకూ అంతకన్నా తక్కువ. ఆ గింజలతో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించిన తర్వాత, 1877 మార్చిలో కొద్దిగా పెంచారు. ఆ కరువులో యాభై లక్షల మందికి పైగా చనిపోయారు. ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని చూపించాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మనం గర్వంగా చెప్పుకుంటాం. కాలువ పని అంటే తవ్వేవారి పనే కాదు, మోసేవారి పని కూడా. తట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కే మనిషి లేకపోతే తవ్విన మట్టి గుంటలోనే ఉంటుంది. మరి మోసే మనిషికి తక్కువ కూలి ఏ న్యాయం ప్రకారం?

ఊరు దాటినా ఈ లెక్క మారలేదు. 1828లోనే యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీలను ఇప్పటి రీయూనియన్ దీవికి తీసుకుపోయారు. 1860లో మద్రాసు నుంచి నాటాల్‌కు మొదటి కూలి ఓడ వెళ్లింది. అక్కడి ఒప్పందంలో మగవాడికి నెలకు 10 షిల్లింగులు, ఆడవారికి అందులో సగం. బొంబాయిలో కామాఠీపురా అనే పేరు ఆ నగరంలో ఇళ్లు కట్టడానికి వెళ్లిన తెలుగు కూలీల వల్ల వచ్చిందే. 1880 తర్వాత కోలారు గనుల్లో మగవారు లోపలికి దిగితే, గని పైన ఆడవారూ పనిచేశారు. 1891 ఫ్యాక్టరీ చట్టం మిల్లులో స్త్రీ పనిని రోజుకు 11 గంటలకు పరిమితం చేసింది. ఇంటికి వచ్చాక మొదలయ్యే పని గంటలు ఏ చట్టంలోనూ లేవు.

మిషన్లు కొత్త పనులకు తలుపు తెరిచాయి. లంద దగ్గర నుంచి వచ్చిన మగవాడు ఉపదేశి అయ్యాడు, పంతులు అయ్యాడు. ఆడవారు బైబిలు స్త్రీలయ్యారు, టీచర్లయ్యారు, నర్సులయ్యారు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ నడిపిన ఆసుపత్రి 1898లో మొదలైంది. ఊళ్లో మైల పడ్డ పనిగా చూసిన మంత్రసాని పని అలాంటి చోట్ల చదువుతో నేర్చుకునే పనైంది. ఇది చిన్న మార్పు కాదు. అయినా పెద్ద కుర్చీ, పెద్ద జీతం మగవాడికే మిగిలాయి. ఒంగోలు ప్రాంతంలో మొదటి విశ్వాసుల్లో ఒకడైన తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య మనకు గుర్తున్నాడు. 1866లో ఆయనతోపాటు బాప్తిస్మం పొందిన భార్య నాగమ్మ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

మగవాడిది బరువు పని, అందుకే ఎక్కువ కూలి అని కొందరు పెద్దలు ఇప్పటికీ అంటారు. అలాంటప్పుడు బరువును తూచి కూలి ఇవ్వాలి, మనిషి ఆడో మగో చూసి కాదు. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. అయినా బెంగళూరులోనో ముంబయిలోనో ఇల్లు కట్టే చోటికి వెళ్లి అడిగి చూడండి, తట్ట మోసే అక్క కూలి ఎంతో. మన వాక్యంలో రూతు పొలంలో పరిగె ఏరుకుంది, లూదియ ఊదా రంగు బట్టలు అమ్మింది, ప్రిస్కిల్ల భర్తతో కలిసి డేరాలు కుట్టింది. వారి పనిని పేరుతో సహా రాసిన గ్రంథాన్ని చదివే మనం, మన సంఘం రిజిస్టరులో మన అమ్మ పేరు పక్కన "గృహిణి" అని రాసి ఊరుకుంటున్నాం.

యువతీ యువకులారా, మేము అడిగేది రెండు పనులు. ఈ వారం మీ ఇంట్లో పెద్దల దగ్గర కూర్చుని అవ్వలు, ముత్తవ్వలు చేసిన పనులు, తీసుకున్న కూలి, వచ్చిన ఊరు రాసి పెట్టండి. అలాగే మీ సంఘం డబ్బు ఇచ్చి చేయించే పనుల్లో, ఊడ్చే పని నుంచి బడిలో పాఠం చెప్పే పని దాకా, ఆడవారికి ఎంత ఇస్తున్నారో, మగవారికి ఎంత ఇస్తున్నారో కమిటీలో అడగండి. తేడా ఉంటే సరిచేయమనండి. కూలివాడి దగ్గర బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని మనకు తెలుసు. సగానికి కోసిన కూలి కూడా అంతే.