వడపోత తర్వాత?

నవోదయ ప్రవేశపరీక్ష జరిగే రోజున ఏ పట్టణంలోనైనా పరీక్షకేంద్రం ముందు కాసేపు నిలబడి చూడండి. అయిదో తరగతి పిల్లలు అట్ట, పెన్నులు పట్టుకుని లోపలికి పోతారు. అమ్మానాన్నలు గేటు బయట చెట్టునీడ వెతుక్కుంటారు. ఆ రోజు కూలి వదులుకుని వచ్చినవాళ్లూ అందులో ఉంటారు. లోపల పరీక్ష రెండు గంటలు. ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతి సీట్లు 80. రాసేవాళ్లు వేలల్లో.

చురుకైన పిల్లల చదువు గురించి మన ఆలోచన ఈ గేటు దగ్గరే ఆగిపోయింది. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని తీసెయ్యాలి అన్నదాని మీద పెట్టే బుర్రలో పదో వంతయినా, తీసుకున్నాక ఏం నేర్పాలన్నదాని మీద పెట్టడం లేదు. ఆ వడపోత అయినా పక్కాగా ఉందా అంటే అదీ అనుమానమే. పేరొందిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావే మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో.

తీసుకున్నాక ఏం నేర్పాలన్నదాని మీద ఒకప్పుడు బుర్ర పెట్టాం. 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. తర్వాత కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి. మూడు ప్రాంతాల్లో మూడు బళ్లు. పగలు పాఠం చెప్పిన మాష్టారే సాయంత్రం స్టడీ అవర్లో పక్కన కూర్చునేవారు. పిల్లవాడికి సందేహం వస్తే తెల్లారేదాకా ఆగే పని లేదు. ఆ బళ్లలో చదివి కలెక్టర్లు, పోలీసు ఉన్నతాధికారులు అయినవాళ్లు తమ ర్యాంకుల కంటే ఆ మాష్టార్ల గురించే ఎక్కువ మాట్లాడతారు. గమనించండి.

ఆ తర్వాత ఆ పని ప్రైవేటు కాలేజీల చేతికి పోయింది. అక్కడ చురుకైన పిల్లలంటే హోర్డింగు మీద పాస్‌పోర్టు సైజు ఫోటోలు. మంచి లెక్చరర్లు స్టార్ బ్యాచ్‌కి, మిగతా సెక్షన్లకు ఎవరు దొరికితే వాళ్లు. సరే, ఆ స్టార్ బ్యాచ్‌లోనైనా లోతు ఉందా? ఎనిమిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు అలాంటి బ్యాచ్‌లోనే ఉంది. సున్నాతో ఎందుకు భాగించకూడదని క్లాసులో అడిగిందట. "పరీక్షలో రాదు, కూర్చో" అన్నారట. "నువ్వు చెప్పు మామయ్యా" అని ఫోన్ చేసింది. ఏడో తరగతిలోనే తొమ్మిదో తరగతి బిట్లు చేయించేస్తే ప్రతిభకు పదును పెట్టినట్టు అనుకుంటున్నాం. నాకైతే అది నారుమడిలోనే కంకులు వెతకడంలా ఉంటుంది.

ప్రభుత్వాల సంగతీ చూద్దాం. 1963లో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షను 2021 తర్వాత ఆపేశారు. పేదింటి ప్రతిభగల పిల్లలకిచ్చే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ నడుస్తోంది, ఏడాదికి 12,000 రూపాయలు. నెలకు వెయ్యి. పేదింటి పిల్లవాడు బడి మానకుండా ఉండటానికి ఆ వెయ్యి పనికొస్తుంది, కాదనను. కానీ దాంతో మంచి లెక్కల మాష్టారు రారు.

2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు నేను నిజంగా సంతోషించాను. ఎంట్రన్స్ గోల లేకుండా పదో తరగతి ఫలితాలతోనే సీటు. సర్కారు బడి పిల్లలకు, వాళ్ల వెనుకబాటును లెక్కలోకి తీసుకుని, కొన్ని పాయింట్లు అదనం. మధ్యలో ఎంసెట్ భయం లేకుండా ఆరేళ్ల చదువు. ఇంతకంటే తెలివైన ఏర్పాటు మన దగ్గర ఈమధ్య ఎవరూ చేయలేదు. అయితే 2022 జూన్‌లో ఏం జరిగింది? బాసర విద్యార్థులు వారం రోజులు ఎండావానల్లో గేటు దగ్గర బైఠాయించారు. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలన్నారు, చాలినంతమంది అధ్యాపకులు కావాలన్నారు. ఊళ్లలో ఫస్టు వచ్చిన పిల్లల్ని ఏరి తెచ్చి, పాఠం చెప్పేవాళ్ల కోసం ధర్నా చేయించాం.

"తెలివైనవాడు ఎలాగైనా పైకొస్తాడు, వాడికి ప్రత్యేకంగా ఎందుకు?" అనేవాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమెను ఎంపిక చేసి నేరుగా హిమాలయాల మీద వదిలెయ్యలేదు. ముందు భువనగిరి కోట బండ, ఆ తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి. మెట్టు మెట్టుకూ ఒక శిక్షకుడు పక్కన ఉన్నాడు. కొండలెక్కడానికి చేయగలిగిన ఏర్పాటు లెక్కలకు, భౌతికశాస్త్రానికి, సంగీతానికి ఎందుకు చేయలేం? 2020 జాతీయ విద్యావిధానంలో ఈ మాటే కాస్త వేరే భాషలో ఉంది. బీఈడీలో కూడా ప్రతిభగల పిల్లల బోధనను ప్రత్యేకంగా చదివే వీలు ఉండొచ్చని రాశారు. కాగితం మీద లోటేమీ లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకూ ఒక చిన్న విన్నపం. ఈసారి గురుకులాలు, ట్రిపుల్ ఐటీల ప్రవేశ ప్రకటన ఇచ్చేటప్పుడు సీట్లెన్నో వేసిన చోటే, ఆ ప్రాంగణంలో అధ్యాపక పోస్టులెన్ని, వాటిలో ఖాళీలెన్ని అన్నది కూడా అచ్చు వేయండి. ఆ ఖాళీల అంకె చూసుకున్నాకే తల్లిదండ్రులు దరఖాస్తు నింపుతారు.