లాసా దర్వాజా, మన ఖామోషీ

టిబెట్ సఫర్ చేసొచ్చిన వాళ్ల రాతలు చదివినప్పుడల్లా నాకు గుస్సా వస్తుంది. అందరిదీ ఒకటే ఫిర్యాదు. పర్మిట్ ఆలస్యమైందట. నాకా దగ్గర బండి ఆపి గంటలు గంటలు కూచోబెట్టారట. ఏదో కాగజ్ తక్కువైందని వెనక్కి పంపారట. ఆఖర్న ఒక మంచు కొండ ఫోటో, "కష్టాలన్నీ మరిచిపోయాం" అని ఒక మాట. భాయ్, నీ ఛుట్టీ పాడైన సంగతి సరే. ఆ నాకా అసలు ఎవరి కోసం పెట్టారో అడిగావా?

ముందు ఆ కాగజ్‌ల హిసాబ్ చూద్దాం. పరదేశీ ముసాఫిర్ టిబెట్ స్వయంపాలిత ప్రాంతంలో అడుగు పెట్టాలంటే చైనా వీసా ఒక్కటే చాలదు. టిబెట్ ట్రావెల్ పర్మిట్ కావాలి. దాన్ని సొంతంగా అడగడానికి వీల్లేదు, ట్రావెల్ ఏజెన్సీయే దరఖాస్తు పెట్టాలి. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటావో ముందే రాసివ్వాలి. గైడ్ వెంట ఉండాలి, బండి కూడా ఏజెన్సీదే కావాలి. లాసా దాటి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ వైపు పోవాలంటే పోలీసుల దగ్గర ఇంకో పర్మిట్. కైలాస్ ఉన్న ఙారీ వైపు పోవాలంటే ఫౌజ్ ఇజాజత్ కూడా. నేపాల్ నుంచి రోడ్డు మీద పోయేవాళ్లకు గ్రూప్ వీసా. అదొక విడి కాగజ్. దాని మీద పేరున్నవాళ్లంతా కలిసి పోవాలి, కలిసి తిరిగి రావాలి.

నేనూ ఖాట్మండు దాకా పోయినవాణ్ణే. రసువాగఢీ మీదుగా క్యిరోంగ్ దాటి లాసా పోవాలని అన్నీ ఖరారయ్యాక, ఏజెన్సీ మనిషి ఫోన్ పెట్టేసి "బంద్ భాయ్, ఏప్రిల్ దాకా ఎవర్నీ రానివ్వరు" అన్నాడు. ఎందుకు అని అడిగితే "హర్ సాల్ ఐసా హీ హోతా" అని చాయ్ తెప్పించాడు. కట్టిన పైసల్లో కొంత పోయింది. దాని గురించి నేను ఏడవను. ఆ "హర్ సాల్" వెనక ఏముందో చెప్పడమే నా పని.

1959 మార్చి 10న లాసాలో తిరుగుబాటు మొదలైంది. 2008లో అదే తారీఖున భిక్షువుల నిరసనలు మొదలయ్యాయి. మార్చి 14 నాటికి లాసా వీధులు మంటల్లో ఉన్నాయి. ఆ మంటల్లో హుయీ ముస్లింల దుకాణాలు కూడా కాలాయి. అదీ జుల్మే, నేను దాచను. ఆ తర్వాత హుకూమత్ చేసిన మొదటి పని ముసాఫిర్లనీ, పరదేశీ విలేఖరులనీ బయటికి పంపడం. ఇప్పటికీ ఫిబ్రవరి చివర నుంచి మార్చి అంతా పరదేశీలకు దర్వాజా బంద్. విలేఖరులైతే సర్కారు తీసుకుపోతేనే పోవాలి, సర్కారు చూపించిందే చూడాలి.

పర్మిట్ అసలు పని ఇదే. గవాహీ ఇచ్చేవాడు ఎప్పుడు రావాలో, ఎప్పుడు రాకూడదో తేల్చడం. ఈ తరీఖా మనకు కొత్తదా? 2019 ఆగస్టు 2న అమర్‌నాథ్ యాత్రికుల్నీ టూరిస్టుల్నీ కశ్మీర్ ఖాళీ చేయమన్నారు. మూడు రోజులకు ఫోన్లు, ఇంటర్‌నెట్ బంద్. ముందు మెహ్మాన్లను సాగనంపి, తర్వాత ఇంటికి తాళం వేశారు.

పరదేశీ కాగజ్‌ల కంటే పెద్ద కథ టిబెటన్ల కాగజ్‌లది. 2012 మేలో లాసా జోఖాంగ్ ఆలయం దగ్గర ఇద్దరు టిబెటన్లు ఒంటికి నిప్పంటించుకున్నారు. దాంతో ఆమ్దో, ఖామ్ నుంచి వచ్చిన టిబెటన్లను లాసా నుంచి వెళ్లగొట్టారు. అప్పట్నుంచి ఆ ఇలాకాల టిబెటన్ తన సొంత పవిత్ర నగరానికి పోవాలంటే ప్రత్యేక ఇజాజత్ కావాలి. అదే రోడ్డు మీద వచ్చే హాన్ టూరిస్టుకు అవసరం లేదు. పాస్‌పోర్టులూ అంతే. 2012 నుంచి టిబెట్‌లో మామూలు జనం పాస్‌పోర్టులు వాపసు తీసుకున్నారు, కొత్తవి ఇవ్వడం దాదాపు ఆపేశారు. సిచువాన్ వైపు టిబెటన్ ఊళ్లకు కాగితం మీద పర్మిట్ అక్కర్లేదు. కానీ సెర్తార్‌లోని లారుంగ్ గార్ బౌద్ధ పీఠం దగ్గర 2016, 2017ల్లో వేల గుడిసెలు కూల్చారు, పరదేశీలకు దారి మూశారు.

ఇప్పుడు మన ఖౌమ్‌తో నా మాట.

వెస్ట్ బ్యాంక్‌లోని ఫలస్తీనీ అల్-అఖ్సాలో నమాజ్ చదవాలంటే ఇస్రాయిల్ పర్మిట్ కావాలి. రంజాన్‌లో వయసు చూసి లోపలికి వదులుతారు. దాన్ని మనం జుల్మ్ అంటాం. అనాలి కూడా. మరి ఆమ్దో ముసలమ్మను జోఖాంగ్ దారిలో నాకా దగ్గర ఆపితే అది చైనా "అందరూనీ మామ్లా" ఎట్లా అవుతుంది? 2019 జులైలో షిన్‌జియాంగ్ విషయంలో చైనాను వెనకేసుకొస్తూ ఐక్యరాజ్యసమితికి 37 దేశాలు ఖత్ రాశాయి. అందులో సౌదీ అరేబియా ఉంది, పాకిస్తాన్ ఉంది. ఉయ్‌ఘర్ల కోసమే నోరు తెరవని హుకూమత్‌లు టిబెట్ గురించి తెరుస్తాయని నేను అనుకోను. ఆ దర్బార్ల ఖామోషీని మనం కూడా ఎందుకు మోయాలి?

ఒక దోస్త్ అన్నాడు, హజ్‌కు కూడా పర్మిట్ ఉంది కదా అని. ఉంది. మినాలో జనం తొక్కిసలాట కాకుండా లెక్క కోసం అడుగుతారు. "నువ్వు ఫలానా జాతివి, మక్కాకు రావద్దు, పక్కవాడు రావచ్చు" అనరు. ఇంకొకరు అరుణాచల్, నాగాలాండ్ ఇన్నర్ లైన్ మాటేమిటన్నారు. 1873లో తెల్లోడు పెట్టిన రూల్ అది, దాని మీదా సవాళ్లు చాలానే ఉన్నాయి. కానీ అది బయటివాణ్ణి ఆపుతుంది. నాగా మనిషి కోహిమా పోవడానికి ఇజాజత్ అడగడు.

టిబెట్‌తో మనకేం రిష్తా అనేవాళ్లకు తారీఖ్ తెలియదు. టిబెటన్ భాషలో ముస్లింను "ఖాచే" అంటారు, అంటే కశ్మీరీ. 17వ శతాబ్దంలో ఐదవ దలైలామా తమ పూర్వీకులకు లాసాలో మసీదుకూ ఖబరస్తాన్‌కూ జాగా ఇచ్చాడని వాళ్లు చెప్పుకుంటారు. 1684 ఒప్పందం తర్వాత లద్దాఖ్ నుంచి మూడేళ్లకోసారి లాసాకు నజరానాలతో "లోప్‌చక్" ఖాఫిలా పోయేది. బౌద్ధుల ఆ అమానత్‌ను మోసుకుపోయిన సర్దార్లలో లేహ్ ముస్లిం తాజిర్లు ఉన్నారు. 1959 తర్వాత ఖాచేలలో చాలామంది హిందుస్తాన్ వచ్చారు. ఇప్పటికీ శ్రీనగర్‌లో వాళ్ల బస్తీ ఉంది. వాళ్ల ఇళ్లలో టిబెటన్ మాట్లాడతారు, లాసా వంటలు వండుతారు. లాసా జమీన్‌లో ఉన్న పెద్దల ఖబర్ల దగ్గర ఫాతిహా చదవాలన్నా వాళ్లకు ఆ పరదేశీ పర్మిటే కావాలి.

కాబట్టి పోయే ముసాఫిర్లారా, పోండి. పోకుండా ఉంటే గవాహీ ఇంకా తగ్గుతుంది. కానీ గైడ్‌ను రాజకీయం అడిగి ఇరికించకండి. మీకు పోయేది టికెట్ పైసలు, అతనికి పోయేది రోజీ రోటీ. మీ సఫర్‌నామాలో మీ బండి ఎన్ని గంటలు ఆగిందో రాసుకోండి. దాంతోపాటు ఆ నాకాలో ఎవర్ని దించారు, ఎవర్ని ఊరికే వదిలారు, ఎవరి కార్డు మళ్లీ మళ్లీ స్కాన్ చేశారు అన్నది కూడా రాయండి. పేర్లు వద్దు, చూసింది చాలు. ఇక మన జుమా దువాల్లో ఫలస్తీన్ పేరు తీసుకునేటప్పుడు కాష్గర్ పేరూ, లాసా పేరూ తీసుకోమని ఇమామ్ సాబ్‌లను నేను అడుగుతున్నాను. మజ్లూమ్ మజహబ్ ఏమిటని చూసి దువా చేయమని మనకెవరూ నేర్పలేదు.