పాటల పుస్తకాల వరస పూర్తి కావాలి

1909–1911 నడుమ అమెరికాలో సిగరెట్టు పెట్టెల్లో పెట్టి ఇచ్చిన బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డుల్లో, హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్నదొకటి 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. మనకు వాటికి దగ్గరగా నిలిచేవి సినిమా పాటల పుస్తకాలు. హాలు దగ్గర అణాలకూ పైసలకూ అమ్మిన పలచని న్యూస్‌ప్రింటు పుస్తకాలవి. వాటి సేకరణను కాలక్షేపంగా కొట్టిపారేయడం పెద్ద పొరపాటు. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన తెలుగు టాకీల్లో తొలినాటివి చాలావాటి ప్రింట్లు మనకు దక్కలేదు. అలాంటి సినిమా కథ, నటుల పేర్లు, పాటలు ఆ పుస్తకంలోనే మిగిలాయి. విడి ప్రతి ముచ్చట తీరుస్తుంది. ఒక దశాబ్దం వరస మొత్తం దొరికితేనే పద్యం ఎప్పుడు తగ్గిందో, పాట ఎప్పుడు పెరిగిందో లెక్క తేలుతుంది.

పాటలన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా అంటారు. రికార్డుకెక్కనివి ఎక్కడున్నాయి? సేకర్తలు బీరువాల్లో దాచి ఎవరికీ చూపరన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. దానికి జవాబు మా తీరపు ఊరు వాడరేవుకు దగ్గర్లోనే ఉంది. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలను భద్రపరిచి పరిశోధకులకు అందిస్తోంది. పుస్తకం సేకర్త దగ్గరే ఉండనివ్వండి, స్కాన్ ప్రతి మాత్రం అక్కడికి చేరాలి. ఈ తీరపు ఉప్పుగాలికి ఆ నాసిరకం కాగితం మడత దగ్గర విరిగిపోతుంది. ఈ పని ఈ ఏడాదే మొదలవ్వాలి.