చలికి భయపడి పిల్లల పరుగు ఆపకండి

గత డిసెంబరులో ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని మా దవాఖానాకు వచ్చారు. అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. విశ్వవిద్యాలయం క్రాస్ కంట్రీ పోటీకి కాలేజీ తరఫున ఎంపికైంది. పోటీ కోరాపుట్ కొండల మీద, అదీ తెల్లవారాక మొదటి ఘడియల్లో. "హకీం సాబ్, మా పిల్లది బల్గమీ మిజాజ్ అని మీరే చెప్పారు కదా. చలి పడదని ఒక చీటీ రాసివ్వండి, కాలేజీలో చూపిస్తాను" అన్నారాయన. అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

నేను చీటీ రాయలేదు. ఆయనకు చెప్పిన మాటలే ఈ వారం మీకూ చెబుతున్నాను. శీతాకాలం వచ్చిందంటే ఇలాంటి చీటీ కోసం వచ్చే తల్లిదండ్రులు ప్రతి ఏడూ ఉంటారు. వారి భయం ప్రేమతోనే పుట్టింది, కాదనను. కానీ భయపడవలసిన చోట భయపడక, అక్కరలేని చోట భయపడుతున్నారు.

క్రాస్ కంట్రీ అంటే మైదానంలో గుండ్రంగా తిరిగే పరుగు కాదు. మట్టి, గడ్డి, ఎత్తుపల్లాల మీద కిలోమీటర్ల కొద్దీ సాగే పరుగు. ప్రపంచమంతటా దీనికి శీతాకాలమే అసలు కాలం. కారణం ఉంది. పరుగెత్తేటప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు ముప్పాతిక వంతు వేడిగానే బయటికి వస్తుంది. ఆ వేడిని చల్లని గాలి లాగేస్తుంది. అందుకే దూరపు పరుగుకు సుమారు 10 డిగ్రీల వాతావరణం అనుకూలం. మనం "అమ్మో చలి" అనుకునే ఉదయం, పరుగెత్తే పిల్లకు మండుటెండ కన్నా ఎంతో మేలు.

అమెరికాలో కాలేజీల జాతీయ క్రాస్ కంట్రీ పోటీ ఏటా నవంబరులో జరుగుతుంది. 2018లో అది విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో జరిగింది. శీతాకాలంలో చెరువులు గడ్డకట్టే ఊరది. మగపిల్లల్లో గెలిచినవాడు మోర్గన్ మెక్‌డొనాల్డ్, ఆస్ట్రేలియాలోని సిడ్నీ కుర్రవాడు. వెచ్చని ఊళ్లో పుట్టినవాడు ఆ చలి ఊళ్లో ఎలా గెలిచాడు? ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే కొన్నేళ్లుగా చదువుతూ పరుగెత్తుతున్నాడు. అలవాటు రెండో స్వభావమని మా పెద్దలు అనేవారు. అందుకే పోటీ రోజున హఠాత్తుగా చలిలోకి తోయకండి. నెల ముందు నుంచే ఫజర్ తర్వాత బయట పరుగెత్తనివ్వండి.

యూనానీలో ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి కారణాలు చెబుతారు. వాటిని అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అంటారు. అందులో మొదటిది గాలి. మరొకటి శరీర కదలిక, విశ్రాంతి. చలిలో పరుగు ఈ రెండూ కలిసే చోటు. ఇబ్బందులు కూడా అక్కడే మూడు రకాలుగా వస్తాయి.

మొదటిది కండరాలు. చల్లబడ్డ కండరం మెల్లగా ముడుచుకుంటుంది, తొందరగా పట్టేస్తుంది. వెయ్యేళ్ల కిందటే ఇబ్న్ సీనా వ్యాయామానికి ముందు సిద్ధం చేసే మర్దన, తర్వాత తేరుకునే మర్దన అని రెండింటిని విడదీసి చెప్పారు. గోరువెచ్చని నువ్వుల నూనెతో కాళ్లు రుద్దడం మంచిదే. అయితే నూనె ఒక్కటే చాలదు. స్వెటర్ వేసుకునే పదిహేను నిమిషాలు మెల్లగా పరుగెత్తాలి. మొదలయ్యే ముందే స్వెటర్ తీయాలి.

రెండోది ఊపిరి. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట దమా ఉన్న ఒక కుర్రవాడు నా దగ్గర మందు వాడేవాడు. ఉన్నాబ్, సపిస్తాన్, బనఫ్షా వేసిన జోషాందా నలభై రోజులు తాగితే ఇన్‌హేలర్ అక్కరలేదని వాళ్ల నాన్నతో గట్టిగా చెప్పాను. మంచు కురిసే ఒక ఉదయం కాలేజీ పరుగులో ఆ పిల్లవాడు మూడో కిలోమీటరు దగ్గర కూలబడ్డాడు. పెదవులు నీలంగా మారాయి. మాస్టారు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లబట్టి బతికాడు. మళ్లీ ఎప్పుడూ పరుగెత్తలేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చల్లని పొడి గాలిని నోటితో వేగంగా పీల్చినప్పుడు శ్వాసనాళాలు ఆరిపోయి బిగుసుకుంటాయి. ఆ క్షణంలో జోషాందా పనిచేయదు. దాని పని నెమ్మది, అది గొంతుకు, కఫానికి మేలు. బిగుసుకున్న ఊపిరిని నిమిషాల్లో విడిపించేది ఇన్‌హేలరే. కనుక దమా ఉన్న పిల్లలు డాక్టరు చెప్పినట్టు దాన్ని వాడాలి, పోటీకి వెంట తీసుకెళ్లాలి. ఇంకో మాట. ఎఫిడ్రా మొక్క కలిసిన మందు ఏ వైద్యానిదైనా పోటీ ముందు వేసుకుంటే డోపింగ్ పరీక్షలో పట్టుబడే ప్రమాదం ఉంది. "ఒంటికి వేడి పుట్టిస్తుంది" అని ఎవరో ఇచ్చిన మాజూన్ ఆ రోజు నోట పెట్టనివ్వకండి.

మూడోది తడి, గాలి. చలి కన్నా నేను భయపడేది దీనికే. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగు జరిగింది. ఉన్నట్టుండి వడగళ్లు, మంచువాన, ఈదురుగాలి వచ్చాయి. పలుచని బట్టలతో ఉన్న పరుగువీరుల్లో 21 మంది చనిపోయారు. అది శీతాకాలం కాదు, మే నెల! మన కాలేజీ పోటీలు అంత దూరం, అంత ఎత్తు ఉండవు. కానీ పాఠం ఒకటే. తడిసిన ఒంటి నుంచి వేడి చాలా వేగంగా పోతుంది. పరుగు ఆగగానే లోపలి పొయ్యి ఆరిపోతుంది, చెమట బట్ట మాత్రం ఒంటి మీదే ఉంటుంది. పతకాల కోసం ఆ తడి చొక్కాతోనే అరగంట నిలబడటం పరుగు కన్నా ప్రమాదం. గీత దాటిన అయిదు నిమిషాల్లో పొడి బట్టలు మార్పించండి, తలకు ఉన్ని టోపీ పెట్టండి. వణుకు ఎక్కువై, మాట తడబడి, వేళ్లతో బొత్తాం పెట్టుకోలేకపోతుంటే దుప్పటి చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వణుకు ఆగి మగతగా ఉంటే తగ్గిందనుకోకండి, అది ఇంకా పెద్ద ప్రమాదం.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పొట్టి బట్టలు వేసుకోవాలేమోనని మీకు సంకోచం ఉంటే, చలి దానికి జవాబు చెప్పేసింది. చలిలో పేరున్న క్రీడాకారిణులు కూడా నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బిగుతు బట్టలు వేసుకుని పరుగెత్తుతారు. అయితే నూలు బట్ట చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. త్వరగా ఆరే బట్ట కొనండి. రుమాలు కూడా అలాంటిదే చూడండి.

పోటీకి రెండు మూడు గంటల ముందు తేలికగా తినాలి. చలిలో దాహం తెలియదు కనుక అడగకపోయినా నీళ్లు తాగించండి.

మరి చీటీ ఎప్పుడు రాస్తాను? జ్వరం ఉంటే రాస్తాను, ఎందుకంటే జ్వరంలో పరుగెత్తితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే రాసి, డాక్టరు దగ్గరికి పంపుతాను. ఒట్టి చలికి మాత్రం రాయను. బల్గమీ మిజాజ్ అన్నది పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడానికి కారణం కాదు. అసలు ఆ మిజాజ్ వారికి వ్యాయామం మరింత అవసరం.

ఆ అమ్మాయి ఛాతీ పరీక్షించాను. శుభ్రంగా ఉంది. ఆ మాటే తండ్రితో చెప్పి, "మీరూ వెంట వెళ్లండి భాయ్, దుప్పటి, ఫ్లాస్కులో వేడి నీళ్లు పట్టుకుని గీత దగ్గర నిలబడండి" అన్నాను. వెళ్లారు. అమ్మాయి గెలవలేదు, మధ్యలో ఎక్కడో వచ్చింది. ఈ ఏడు ఆయన మళ్లీ వచ్చి, తడి మట్టిలో జారని బూట్లు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

మీరు కూడా చీటీ కోసం రాకండి. పిల్లల్ని తీసుకుని, పోటీకి నెల ముందే రండి.